మాచిపత్రి సెగ

జోగారావు మాస్టారికి ఒక అలవాటుండేది. వైద్యశాలకి కొత్త వత్తుల పెట్టె వస్తే, అందులోంచి ఒకటి తీసి, అంటించి, ముందు తన ఎడం చేతి మీద సెగ పెట్టుకుని చూసుకునేవారు. ఆ తర్వాతే రోగికి. మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్న చిన్న మచ్చలుండేవి ఆయనకి. ఆ మచ్చల చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

విశాఖపట్నం వన్ టౌన్‌లో, సముద్రపు గాలి తగిలే ఒక మేడ మీద మూడు మంచాల వైద్యశాల అది. మాస్టారు చిన్నప్పుడు కలకత్తాలో ఒక ముసలి చీనా వైద్యుడి దగ్గర చాకిరీ చేసి నేర్చుకొచ్చిన విద్య. మన చవితి పత్రిలో వచ్చే మాచిపత్రి లాంటి ఆకునే వాళ్లు ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, కాగితంలో వత్తిగా చుడతారు. దాన్ని అంటించి, ఒంటికి తగలనివ్వకుండా సెగ చూపిస్తారు. ఆ పొగ వాసన ఆయన దగ్గర పని నేర్చుకునే మా చొక్కాలకీ, మేం తినే అన్నానికీ కూడా పట్టేసేది. అప్పుడు విసుక్కునేవాళ్లం. ఇప్పుడు చవితి నాడు పత్రి విప్పగానే వినాయకుడి కంటే ముందు మాస్టారే గుర్తొస్తారు. ఏం చెయ్యను!

మా దగ్గర కొత్తగా చేరినవాడు విశ్వేశ్వరం. తెలివైనవాడే గానీ నోరు ఊరుకోదు. ఒకనాడు కొత్త పెట్టె రాగానే అడిగేశాడు.

"మాస్టారూ, పెట్టె మీద కంపెనీ ముద్ర ఉంది. లోపల పరీక్ష చేసినట్టు కాగితం కూడా ఉంది. ఇంకా మీ చెయ్యెందుకండీ కాల్చుకోవడం?"

మాస్టారు చేతిలోకి తీసుకున్న వత్తిని వాడికే ఇచ్చేశారు. "సరే, ఇవాళ సన్యాసమ్మకి నువ్వే పెట్టు" అన్నారు.

సన్యాసమ్మ ఓడరేవు గేటు దగ్గర ఇడ్లీ కొట్టు నడిపే మనిషి. ఊరందరికీ వండిపెట్టే ఆ తల్లి తను మాత్రం ఒక ఇడ్లీ తిని అరిగించుకోలేకపోయేది. చక్కెర జబ్బు ముదిరి కడుపు కదలడం మానేసింది. మధ్యాహ్నం తిన్నది మర్నాడు పొద్దున్న కక్కుకునేది. ఆసుపత్రి మందులు మానితే మెట్లెక్కనివ్వనని మాస్టారు ముందే చెప్పారు. ఆ మందులతో పాటే ఈ సెగ. ఈమధ్య కాస్త కడుపులో నిలుస్తోందని ఆవిడ అనేది. అది దేని గొప్పో మాస్టారు ఎప్పుడూ తేల్చి చెప్పలేదు.

కడుపు కోసం సెగ పెట్టేది మోకాలి కింద. ఆవిడ కాళ్లేమో మొద్దుబారిపోయాయి. పెద్దాసుపత్రి డాక్టరు గట్టిగా హెచ్చరించాడు, ఆ కాలి మీద బొబ్బ లేస్తే మానదు, కాలికే ముప్పు అని. రోజంతా పొయ్యి ముందు నిలబడి బతికే మనిషికి కాలు పోతే ఇంకేముంది?

విశ్వేశ్వరం వత్తి అంటించి, కొలిచినట్టు దూరంలో పట్టుకున్నాడు. "వేడి తెలుస్తోందా అమ్మా?" అని అడిగాడు.

"నాకేటీ తెల్డం లేదు బావూ. ఇంకొంచెం దగ్గరెట్టు."

వాడు దగ్గర పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే మాస్టారు ముందుకి వంగి, విశ్వేశ్వరం ఎడం చెయ్యి పట్టుకుని, వాడి రెండు వేళ్లని సెగ తగిలే చోటికి అటూ ఇటూ ఆవిడ కాలి మీద ఆనించి పెట్టారు.

"అబ్బా!" అని కేక పెట్టి విశ్వేశ్వరం వత్తి వెనక్కి లాగేశాడు.

సన్యాసమ్మ ఉలిక్కిపడి, వాడి మొహం చూసి పడీ పడీ నవ్వింది. "ఏటి బావూ, కాలు నాదైతే అరుపు నీదా?"

మాస్టారు ఆవిడని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కాలు చూశారు. కాస్త ఎర్రబడింది, అంతే. చన్నీళ్ల గుడ్డ వేసి, చాలాసేపు మళ్లీ మళ్లీ చూశాక గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత ఆ వత్తి ఆర్పి, విరిచి చూపించారు. మెత్తని దూది ఉండాల్సిన చోట పుల్లలూ, జల్లించని చెత్తా ఉన్నాయి. అందుకే అది అంత మండింది. పెట్టె మొత్తం వెనక్కి పంపించమని నాకు చెప్పారు. పాత పెట్టెలోంచి ఒక వత్తి తీసి, ఆవిడ రెండో కాలి మీద తన వేళ్లు ఆనించి, తనే సెగ పెట్టారు. ఆవిడ కునుకు తీసింది.

విశ్వేశ్వరం వేళ్లు నీళ్లలో ముంచుకుని తల దించుకు కూర్చున్నాడు. మాస్టారు పెట్టెలోంచి ఆ పరీక్ష కాగితం తీసి వాడి ఒళ్లో పెట్టారు.

"కాగితం బాగానే ఉంది నాయనా. దాన్ని కూడా ఓసారి 'అబ్బా' అనమను."