పేరయ్య ఇంటి సహాయ వేదిక

మార్టేరు కాలవగట్టు మీద పేరయ్య, తమ్ముడు సోమలింగం, చెల్లెలు కనకం ఒకే ఇంట్లో ఉండేవారు. ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం. ఎంత గర్వమంటే, ముగ్గురూ కలిసి ఒక మంచం మీద కూర్చునేవారు కాదు. "ఖర్మకాలి ఆ మంచం మీద పిడుగు పడిందనుకో, ఊళ్ళో ఉన్న తెలివంతా ఒక్కసారే పోతుంది" అనేవాడు పేరయ్య. ఊరివాళ్ళు పిడుగు కోసమే ఎదురుచూస్తున్నారని పాపం ఆయనకి తెలీదు.

వాళ్ళ మేనకోడలు నీలవేణి విశాఖలో ఉంటుంది. ఆ పిల్లకి నిజంగానే బుర్ర ఉంది. ఎవరి పోలికో మరి! కంప్యూటర్లో తెలుగు అచ్చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసి, 'ముత్యం' అని పేరు పెట్టి, ఎవరైనా ఊరికే వాడుకోండి, లోపల ఎలా ఉందో చూసుకోండి, చేతనైతే బాగుచెయ్యండి అని జనానికి వదిలేసింది. ప్రెస్సులవాళ్ళూ పంతుళ్ళూ వాడడం మొదలెట్టారు. సందేహాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాళ్ళమ్మేమో, "మీ మామయ్యలు ఖాళీగానే ఉన్నారు కదే, ఆ సాయమేదో వాళ్ళకి అప్పజెప్పు" అని పోరింది. అప్పజెప్పింది. అంతే, ముత్యానికి శని పట్టింది.

మొదటిరోజే ఫోన్ చేసి చెప్పింది. "మామయ్యా, అందరూ గ్రూపులో ఒకేసారి మాట్లాడేస్తున్నారు. ప్రశ్నలన్నీ కొట్టుకుపోతున్నాయి. కాస్త పట్టుకోండి."

ఇంకేముంది! పేరయ్య వల భుజాన వేసుకున్నాడు. ముగ్గురూ కాలవలో మొలలోతు నీళ్ళలోకి దిగి మధ్యాహ్నం దాకా వల విసిరారు. చివరికి ఒక రబ్బరు చెప్పు పడింది.

"అన్నయ్యా, ఇది ప్రశ్నా, జవాబా?" అన్నాడు సోమలింగం.

పేరయ్య చెప్పుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒంటిచెప్పు కదరా! జత లేదు. కాబట్టి ప్రశ్నే. జవాబు కిందెక్కడో వస్తూ ఉంటుంది." తన తెలివికి తనకే ఒళ్ళు పులకరించింది.

సంగతి విని నీలవేణి నుదురు కొట్టుకుంది. "నీళ్ళలో కాదు మామయ్యా! ప్రశ్నలడగడానికి ఒక వేదిక కావాలి. తొందరపడి ఏదో ఒకటి ఎంచుకోకండి. రెండు మూడు చూడండి. ఎక్కువమంది ఒకేసారి వచ్చిపడినా కూలిపోనిది కావాలి మనకి."

అంతే. పేరయ్య తమ్ముణ్ణీ చెల్లెల్నీ వెంటేసుకుని కల్యాణమండపానికి వెళ్ళాడు. అక్కడ పెళ్ళి రిసెప్షను జరుగుతోంది. వేదిక మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, చుట్టూ చుట్టాలు ఫోటోకి నిలబడి ఉన్నారు. పేరయ్య లెక్కపెట్టాడు. పదకొండుమంది. "ఇది ఎక్కువ కాదే! పదండి" అన్నాడు. ముగ్గురూ ఎక్కి, ఒకటీ రెండూ మూడూ అని ఎగిరి దూకారు. ఫెళ్ళున చప్పుడు! పెళ్ళికొడుకు నడుం దాకా చెక్కల్లో దిగబడ్డాడు. పక్కనున్న బావమరిది చేతిలో ఐస్‌క్రీమ్ పెళ్ళికూతురి తల మీద బోర్లాపడింది. పేరయ్య తాపీగా మైకు అందుకుని, "అయ్యా, ఈ వేదిక పనికిరాదు" అని ప్రకటించాడు.

చితకబాదారు. ఇంటికొచ్చాక కనకం అన్నయ్య వీపుకి పసుపు పెడుతుంటే పేరయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దెబ్బలకి కాదు. "కూలిపోయేదని ముందే కనిపెట్టి చెప్పాం. ఒక్కడూ మెచ్చుకోలేదే!" అని.

"కంప్యూటర్లో వేదిక మామయ్యా, కంప్యూటర్లో!" అని అరిచింది నీలవేణి. "సరే, నేనే ఎంచుతాను. శనివారం దాకా ఆగండి. ఈలోగా వచ్చిన ప్రశ్నలు రాసిపెట్టండి. ఒక్కో ప్రశ్నకీ ఒక్కో థ్రెడ్డు, అదే, దారం ఉండాలి. ఒకదాంట్లో ఒకటి కలిపితే చిక్కుపడిపోతుంది. ఏదీ మూసిపెట్టకండి. ఎవరొచ్చినా చూసుకునేలా అంతా తెరిచి ఉండాలి."

కనకం చీటీల మీద ప్రశ్నలు రాసింది. సోమలింగం దారాలు కట్టి నట్టింట్లో వేలాడదీశాడు. ఇక తెరిచి ఉంచడం. తలుపు తీసిపెడితే గాలికి మూసుకుపోతుంది కదా. పేరయ్య ఆలోచించాడు. వీధి తలుపూ, పెరటి తలుపూ, చివరికి బీరువా తలుపు కూడా పీకించి కాలవగట్టున పడేయించాడు.

అప్పుడే బొబ్బిలి నుంచి సింహాచలమ్మ ఫోన్ చేసింది. చిన్న ప్రెస్సు నడుపుకునే మనిషి. గొంతు వణుకుతోంది.

"బాబూ, ఒకటో తరగతి పిల్లల వాచకం అచ్చేస్తున్నాను. ముత్యంలో వత్తులు పడట్లేదు. అమ్మ అని కొడితే అమ అని వస్తోంది. అక్క అక అయిపోయింది, గుడ్డు గుడు అయిపోయింది. సోమవారం బళ్ళు తెరుస్తారు. మూడొందలమంది పిల్లలు ఇదే చూసి నేర్చుకుంటారు బాబూ!"

"ఇంతేనా! వత్తులకి అంత దిగులెందుకు వదినా?" అంది కనకం ఫోన్ లాక్కుని. గూట్లోంచి పత్తి తీసి, తొడ మీద నూటపదహారు వత్తులు చేసి, నువ్వులనూనెలో తడిపి, బస్సు పార్శిల్లో బొబ్బిలి పంపించింది. పేజీకొకటి పెట్టుకోమని చీటీ కూడా రాసింది.

పార్శిలు విప్పగానే సింహాచలమ్మ కొత్త కాగితాల దొంతర మీద నూనె ఒలికింది. ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు వణకడం లేదు, ఉరుముతోంది. "అసలు నా ప్రశ్న రాసుకున్నారా, లేదా?"

"రాసుకోకపోవడమేంటమ్మా, దారానికి కట్టాం" అని పేరయ్య వెనక్కి తిరిగాడు. నట్టింట్లో పక్కింటి మేక నిలబడి ఉంది. దారాలన్నీ బోసిగా ఊగుతున్నాయి. మేక మూతి దగ్గర 'వత్తు' అన్న ముక్క ఒక్కటే మిగిలింది. అదీ లోపలికి పోయింది.

"తోలలేదేంరా?" అన్నాడు తమ్ముడితో.

"ఎవరొచ్చినా చూసుకోవచ్చంది కదన్నయ్యా. పాపం, అన్నీ ఓపిగ్గా చూసింది."

పేరయ్యకి ధైర్యమొచ్చింది. "అమ్మా, మీ ప్రశ్న లోపలికి వెళ్ళింది. ప్రస్తుతం నెమరేస్తోంది. రేపు పొద్దున్నకల్లా జవాబు బయటికొస్తుంది."

తెల్లారేసరికి ముగ్గురూ పళ్ళెం పట్టుకుని మేక వెనక కూర్చున్నారు. పేరయ్య సంబరంగా బొబ్బిలికి ఫోన్ కలిపాడు. "ఒకటి కాదమ్మా, పాతిక ముప్ఫై వచ్చాయి! నల్లగా, గుండ్రంగా, ఒకదాన్ని మించి ఒకటి. పార్శిలు చెయ్యమంటారా?"

సింహాచలమ్మ ఠక్కున ఫోన్ పెట్టేసింది. నేరుగా నీలవేణికి చేసింది. నీలవేణి అప్పటికే మూడు వేదికలు పరీక్షించి ఉంది. పేరు నమోదు చేసుకోకుండానే ఎవరైనా చదవగలిగేదీ, వెతికితే పాత జవాబులు దొరికేదీ, ముత్యంలాగే ఎవరైనా లోపలికి తొంగిచూడగలిగేదీ ఒకటి ఎంచి, ఆ పూటే తెరిచింది. అందులో మొట్టమొదటి ప్రశ్న సింహాచలమ్మదే. గంట తిరక్కుండా నిర్మల్ నుంచి ఒక పంతులుగారు జవాబిచ్చారు. మీ దగ్గరున్నది పాత ఫాంటు, కొత్తది వేసుకోండి అని. సాయంత్రానికి అమ్మకి వత్తు పడింది. ఆదివారమంతా ప్రెస్సు ఆడింది. సోమవారం పిల్లల చేతుల్లో పుస్తకాలున్నాయి.

ఆ రోజే నీలవేణి మార్టేరుకి ఫోన్ చేసింది. "మామయ్యా, మీకో దండం. ఇక మీరేమీ చెయ్యకండి. ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చోండి, చాలు."

"చూశారా, ఎంత నమ్మకమో!" అన్నాడు పేరయ్య. అంతే, సోమలింగం తువ్వాలు తెచ్చి కనకం చేతులు కట్టాడు. పేరయ్య సోమలింగం చేతులు కట్టాడు. మరి పేరయ్య చేతులో? తమ్ముడి కట్లు విప్పి, వాడిచేత తన చేతులు కట్టించుకున్నాడు. ఇప్పుడు సోమలింగం మిగిలాడు. చెల్లెలి కట్లు విప్పి, ఆమెచేత కట్టించుకున్నాడు. కనకం మిగిలింది. పొద్దు వాలేదాకా విప్పడం, కట్టడం, విప్పడం, కట్టడం.

చివరికి కట్లు లేని వంతు మళ్ళీ తనదైనప్పుడు పేరయ్య ఫోన్ అందుకున్నాడు.

"అమ్మాయ్, పని పెద్దదే చెప్పావు. నా చేతులు కట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి చేతులు కట్టడానికి ఇంకొకడు కావాలి. వాడి చేతులకి మరొకడు. ఆలోచించాను, తెగేలా లేదు. నువ్వో పని చెయ్యి తల్లీ, ఒక బస్సు నిండా పంపించెయ్యి. డ్రైవరు చేతులు మాత్రం అక్కడే కట్టి పంపు, ఇక్కడ మాకు ఒక పని తగ్గుతుంది."