ఒకే గూట్లో నాలుగు చిట్టెలుకలు

అనగనగనగా, రాజుల తప్పుల్ని దేవుడు రాజుల నోటితోనే చెప్పించే రోజుల్లో, తారావళి అనే రాజ్యం ఉండేది. దాన్ని కువలయుడనే రాజు ఏలేవాడు. మంచివాడే నాయనా. పూజ కానిదే పచ్చి మంచినీళ్లయినా ముట్టేవాడు కాదు.

ఆయనకి ఒక్కటే గర్వం. ప్రతి పౌర్ణమికీ ఊరు ఊరంతా కోట ముంగిట ఒకే బంతిలో కూర్చుని భోంచేసేది. రాజే నడుం బిగించి, గరిటె పట్టి వడ్డించేవాడు. "కలిసి బతకడమంటే ఏమిటో మా తారావళిని చూసి నేర్చుకోవాలి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఒకనాడు చలి ఎడారి దేశం నుంచి బాతూర్ అనే వర్తకుడు వచ్చి, రాజుగారి ముందు ఒక బుట్ట పెట్టాడు. మూత తీస్తే ఏముందనుకున్నారు? బొటనవేలంత చిట్టెలుకలు, నాలుగు! ఇప్పుడు మీరు హామ్‌స్టర్లంటున్నారే, అవే. అందులోనూ మరుగుజ్జు రకం. తోక ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. బుగ్గల నిండా గింజలు కుక్కుకుని అవి మిటకరించి చూస్తుంటే రాజుకి నవ్వాగలేదు. నాలుగూ ఒకే కాన్పులో పుట్టిన అన్నదమ్ములు. లావుపాటిదానికి బూరె అనీ, నడిమివాటికి గోళీ, దూది అనీ, అన్నిటికన్నా చిన్నదానికి ఆవగింజ అనీ రాణి సునంద అప్పటికప్పుడే పేర్లు పెట్టేసింది.

"ప్రభూ, ఇవి కలిసి ఉండగలవు. అయితే దేని గూడు దానికుండాలి. దేని గిన్నె దానికుండాలి. గూటికి రెండేసి దారులు..." అని వర్తకుడు చెప్పబోతుంటే రాజు చెయ్యెత్తాడు.

"కలిసి ఉండటం గురించి తారావళికొచ్చి మాకే చెబుతున్నావా బాతూర్?"

సభంతా గొల్లుమంది. వర్తకుడు మిగతా మాట మింగేసి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

రాజు వాటికి చందనపు చెక్కతో చిన్న మేడ చేయించి, కోట ముంగిట అరుగు మీద పెట్టించాడు. అందులో ఒక్కటే గూడు, దానికి ఒక్కటే వాకిలి. ఒక్కటే వెండి గిన్నె. ఎక్కి పరుగెత్తడానికి ఒక్కటే చక్రం. "తోడబుట్టినవాళ్లకి వేరు కంచాలేమిటి?" అని మురిసిపోయాడు.

పసితనంలో అవి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. తర్వాత పెద్దవయ్యాయి. పెద్దవయ్యాక ఏం జరుగుతుందో ఇళ్లున్న మీకు నేను చెప్పాలా!

ఒకరోజు పొద్దున పూజ ముగించుకుని రాజు మేడ దగ్గరికి వెళ్లేసరికి లోపల కీచుకీచుమని అరుపులు. బూరె గిన్నెకి అడ్డంగా కూర్చుంది. ఆవగింజ మూలకి నక్కింది.

"ఆడుకుంటున్నాయి" అన్నాడు రాజు.

"ఆటయితే రెండిటికీ సరదాగా ఉండాలిగా ప్రభూ" అంది రాణి.

రాజు ఇంకో గుప్పెడు కొర్రలు పోయించాడు. ఆ ఒక్క గిన్నెలోనే.

మరోసారి చూస్తే ఆవగింజ వీపు మీద బొచ్చు లేదు. "ఎండాకాలం కదా, రాలుతుంది" అన్నాడు రాజు.

"తక్కిన మూడింటికీ ఎండాకాలం రాలేదు కాబోలు" అంది రాణి.

రాజు మేడకి బంగారు పూత పూయించాడు. గూడు మాత్రం ఒక్కటే.

ఇక మూడోసారి. ఆ రోజు పౌర్ణమి. పొరుగు దేశపు రాజు వీరధవళుడు తారావళి బంతిభోజనం చూడ్డానికి వస్తున్నాడు. కువలయుడు మేడలోకి తొంగిచూశాడు. ఆవగింజ చెవి చిరిగి రక్తం కారుతోంది.

ఈసారి ఆయన నోట ఏ సాకూ రాలేదు. తెలిసిపోయింది. తెలిసీ ఏం చేశాడయ్యా అంటే, చెప్పడానికి నాకే తల వంగిపోతోంది, పట్టుగుడ్డ తెచ్చి మేడ మీద కప్పాడు.

"అతిథి వెళ్లాక చూద్దాం దేవీ" అన్నాడు.

రాణి వెనుదిరిగి వెళ్లిపోయింది. ఎత్తిపొడిచినా బాగుండేది. అది ఆయనకి రోజంతా ముల్లులా గుచ్చుకుంది.

బంతి సాగుతోంది. వీరధవళుడు పప్పన్నం కలుపుకుంటూ, "మీ చిట్టెలుకల మేడ గురించి ఊరూరా చెప్పుకుంటున్నారు. చూపించరూ?" అన్నాడు.

కువలయుడు ఆయన విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేశాడు. "నిద్రపోతున్నాయి" అన్నాడు.

గుడ్డ కింద నుంచి సన్నటి గొంతు వినిపించింది. "నిద్రెక్కడిది మహారాజా? నన్ను గూట్లోకి రానివ్వడం లేదు."

బంతిలో చేతులన్నీ విస్తళ్ల మీదే ఆగిపోయాయి. రాజు గుడ్డ తీశాడు. ఆవగింజ చక్రం వెనక ఇరుక్కుని, ఒళ్లంతా గాట్లతో రొప్పుతోంది.

రాజు ముఖం భగ్గుమంది. ఆ మంట ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బూరె మీద విరుచుకుపడ్డాడు. "ఛీ, దుర్మార్గుడా! తోడబుట్టినవాణ్ణి కొరుకుతావా?"

బూరె బుగ్గల్లోని గింజలు కింద ఉమ్మింది. "కొరికాను మహారాజా. ఉన్నది ఒక్క గిన్నె, ఒక్క గూడు. నేను కాపలా కూర్చోకపోతే గోళీ కూర్చుంటాడు. పోనీ, ఆవగింజ పారిపోదామంటే రెండో వాకిలేది? మమ్మల్ని ఇలా పెట్టిందెవరు?"

రాజు గరిటె కింద పెట్టాడు. ఊరి ముఖం చూడలేక నేల చూస్తూ అన్నాడు: "పెట్టింది నేనే. చెప్పవచ్చినవాణ్ణి నవ్వులపాలు చేశాను. రక్తం చూశాక కూడా గుడ్డ కప్పాను. ఇప్పుడు మీ అందరి ముందూ అబద్ధమాడాను."

బంతి చివరి నుంచి ఒక ముసలమ్మ గదమాయించింది. "సిగ్గు తర్వాత పడుదువుగాని దొరా! ముందు దాన్ని బయటికి తియ్యి!"

రాజు గబగబా చెయ్యి పెట్టాడు. ఆవగింజ భయంతో ఆయన వేలు కసుక్కున కొరికింది. ఆయన చెయ్యి విదల్చలేదు. "నన్ను క్షమించు" అన్నాడు.

"క్షమాపణలో పడుకోలేను మహారాజా. నాకొక గూడు కావాలి" అంది ఆవగింజ.

ఆ సాయంత్రమే వడ్రంగులొచ్చారు. విశాలమైన మేడ లేచింది. మూడు గూళ్లు, గూటికి రెండు వాకిళ్లు, దూరదూరంగా గిన్నెలు, చక్రాలు. బూరె, గోళీ, దూది కొట్లాట మానేశాయి. ఆవగింజకి వేరే ఇల్లు కట్టారు. నెమ్మదిగా గాయాలు మానాయి.

"ఇప్పుడన్నీ సమకూర్చాను కదా, అన్నల దగ్గరికి వెళ్తావా?" అని రాజు ఆశగా అడిగాడు. ఆవగింజ ముక్కు నుంచి కాలిగోళ్ల దాకా వణికిపోయింది. రాజు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రోజూ పూజ కాగానే తానే వెళ్లి దాని గుమ్మంలో కొర్రలు పోసేవాడు. తక్కిన మూడూ ఆయన అరచేతిలోకి ఎక్కి తినేవి. ఆవగింజ మాత్రం ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యాకే తల బయటపెట్టేది. "దాని భయానికి నేనే కారణం స్వామీ" అని ఆయన దేవుడి ముందు తలవంచుకునేవాడు. అది బతికున్నన్నాళ్లూ అంతే.

విన్నారుగా తల్లీ, విన్నారుగా నాయనా: నలుగురినీ కలిసి ఉండమని చెప్పేవాడు, ముందు ఒక్కొక్కరికీ తలదాచుకునే చోటూ, తప్పుకునే దారీ చూపించాలి.