పై గుప్పెడు ఇప్పపూలు

అనగనగా ఒక అడవిలో, చలి ఎముకలు కొరికే ఒక మాఘమాసంలో, ఒక మనుబోతు తల్లికి పెద్ద చిక్కు వచ్చిపడింది.

ఆ అడవి మనవైపుది కాదు పిల్లలూ. ఎక్కడో ఉత్తరాన, హిమాలయాల పాదాల దగ్గర ఉంది. అక్కడ చలికాలంలో పొగమంచు పాలమీగడలా దిగుతుంది. పక్కనున్న చెట్టు కూడా పలకరిస్తే తప్ప కనిపించదు. ఇక మనుబోతు అంటారా, ఆవుకూ గుర్రానికీ మధ్యలో ఉన్నట్టుంటుంది. ఆకారం చూస్తే అంత, గుండె మాత్రం కుందేలుది.

ఈ మనుబోతు ఒళ్లంతా గోధుమరంగు. అందుకే దాన్ని భూరీ అని పిలిచేవారు. ఆ వైపు మాటలో భూరీ అంటే గోధుమరంగుది అనే. దానికి ఒక్కగానొక్క దూడ, పేరు బిట్టో.

అడవి మధ్యలో ఒక ఉప్పుమట్టి మిట్ట ఉండేది. గడ్డి మేసే జంతువులన్నీ దాని దగ్గరకు వెళ్లి ఆ మట్టిని నాకి వచ్చేవి. ఒంటికి ఉప్పు లేకపోతే మనకే నోరు చప్పబడుతుంది, వాటికి ఏకంగా కాళ్లే పట్టు తప్పుతాయి. ఆ ఏడు వరద వచ్చి మిట్టనంతా ఊడ్చుకుపోయింది. పెద్ద జంతువులు ఎలాగో నెట్టుకొచ్చాయి. బిట్టో మాత్రం నీరసించిపోయింది. గడ్డి ముందు నిలబడేది కాని నోరు పెట్టేది కాదు. పొద్దున లేవగానే తల్లి మెడను నాకేది, చెమటలో ఉండే ఉప్పు కోసం. చలికాలంలో చెమట ఎక్కడిది? అయినా నాకుతూనే ఉండేది. ఆ చిన్న నాలుక తగిలినప్పుడల్లా భూరీ కళ్లు మూసుకునేది.

ఇది చూసి ఎలుగుబంటి మామ ఒక దారి చెప్పాడు. నది దాటి ఆవలికి పోతే మటియాగంజ్ అని చిన్న ఊరు ఉంది. అక్కడ మంగళవారం మనుషుల సంత. బుధవారం అదే మైదానంలో, పొగమంచు విడిచేదాకా, జంతువుల సంత. ఎడారి వైపు నుంచి ఒక ముసలి ఒంటె రాతి ఉప్పు మోసుకొస్తాడు. ఏదైనా తీసుకెళ్లి మార్చుకోవచ్చు.

భూరీ దగ్గర ఎండబెట్టిన ఇప్పపూలు ఉన్నాయి. గిజిగాడు ఓపిగ్గా ఒక బుట్ట అల్లి ఇచ్చాడు. ఎలుగుబంటి పూలు నింపి దాని వీపు మీద కట్టాడు.

సరిగ్గా బయలుదేరే ముందు తీతువు పిట్ట వచ్చి వాలింది. తీతువు సంగతి మీకు తెలిసిందేగా. ఆకు రాలితే అరుస్తుంది, రాలకపోతే ఎందుకు రాలలేదని అరుస్తుంది.

"వదినా, మటియాగంజ్‌కా? నేను ఆ ఊరి మీదుగా ఎగిరినదాన్ని, చెబుతున్నా విను. ఎందుకు వచ్చావంటే చెప్పకు, నీ అవసరం తెలిస్తే మెడ వంచుతారు. ఎవరైనా ఏదైనా తాగమంటే తాగకు. బుట్ట మూతి మాత్రం చచ్చినా విప్పకు, రుచి చూస్తామంటూ ఊడ్చేస్తారు" అంది.

అంతటితో ఊరుకోలేదు. వాసన కూడా బయటికి పోకూడదని, పూల మీద తడి ఆకులు పరిపించి, మూతిని తీగతో గట్టిగా కట్టించింది. నువ్వు ఎప్పుడైనా ఆ సంతలో దిగావా అని ఎలుగుబంటి అడిగితే, దిగడానికి నాకేమైనా పిచ్చా అంది తీతువు.

బిట్టోను ఎలుగుబంటికి అప్పగించి భూరీ నడిచింది. నది పాయలు దాటింది. పచ్చగా పూసిన ఆవచేల గట్ల వెంట పోయింది. బుధవారం తెల్లవారేసరికి మటియాగంజ్ చేరింది.

చాలా చిన్న ఊరు. ఒక రైలు గేటు, ఒక ఇటుకల బాట, బాటకు రెండువైపులా తలుపులు మూసిన కొట్లు. చెరకు గానుగ దగ్గర పొయ్యి ఇంకా పొగలు కక్కుతోంది. నిన్న మనుషులు తాగి పారేసిన మట్టి ముంతలు దారంతా పడి ఉన్నాయి. ఊరి చివర మైదానం. ఆ పొగమంచులో మేకలు, గాడిదలు, కుందేళ్లు, కొంగలు నీడల్లా కదులుతున్నాయి.

మైదానం మొదట్లో ఒక కూలిన గోడ ఉంది. దాని మీద కూర్చున్న కొండముచ్చు భూరీని చూడగానే తోక ఊపాడు.

"రా అక్కా, కొత్తదానిలా ఉన్నావు. ఏం తెచ్చావు? ఏం కావాలి?"

భూరీ నాలుక చివర దాకా ఉప్పు అన్న మాట వచ్చింది. అంతలో తీతువు గుర్తొచ్చింది. మాట మింగేసి, "ఊరికే, చూసిపోదామని" అంది.

కొండముచ్చు దాని వీపు మీది బరువును చూశాడు. పొద్దున్నే ఇంత మూట మోసుకుని చూడటానికి వచ్చినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాననుకున్నాడేమో, మీసం తడుముకున్నాడు. అయినా మైదానం వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"సంత చూడటానికి చుట్టం వచ్చింది, దారి ఇవ్వండి."

అది ఆ సంత పద్ధతి. వచ్చినవాళ్ల అవసరాన్ని కొండముచ్చు కేకేసి చెబుతాడు. ఆ సరుకు ఉన్నవాళ్లు చేయెత్తి పిలుస్తారు. చూడటానికి వచ్చిన చుట్టాన్ని ఎవరు పిలుస్తారు? అందరూ మర్యాదగా పక్కకు జరిగారు. దారి మాత్రం బ్రహ్మాండంగా దొరికింది.

కొంచెం దూరం పోయేసరికి కజరీ అనే గేదె పెద్దమ్మ కుండలో బెల్లం నీళ్లు కాచి, ముంతల్లో పోసి అందరికీ ఇస్తోంది. అల్లం వాసన గుప్పుమంటోంది. నడిచి నడిచి భూరీ కాళ్లు కొయ్యబారి ఉన్నాయి.

"చలిలో వచ్చావు, ఒక గుక్క తాగు తల్లీ" అంది కజరీ.

భూరీ రెండడుగులు వెనక్కి వేసింది. దాహం లేదంది. కజరీ మరేమీ అనలేదు. ముంతను పక్కనున్న గాడిదకు ఇచ్చింది. ఆ ఊళ్లో ఆ ముంత పుచ్చుకోవడమంటే కూర్చుని మాట్లాడటానికి ఒప్పుకోవడం. వద్దన్నవాళ్లతో మాట పెంచడం మర్యాద కాదు.

చివరికి ఒంటె తాత కనిపించాడు. ఆయన ముందు గోనె మీద లేత గులాబీ రంగు ఉప్పురాళ్లు ఉన్నాయి. భూరీ వచ్చేలోపే సగం అయిపోయాయి. కళ్ల ముందే గాడిద ఒక రాయి తీసుకుపోయింది, కుందేళ్ల జట్టు ఇంకొకటి దొర్లించుకుపోయింది. భూరీ గబగబా ఆయన దగ్గరకు వెళ్లింది. ఆ రాళ్లు కావాలని, బదులు ఇస్తానని నెమ్మదిగా అడిగింది.

"చుట్టానివన్నారే" అన్నాడు ఒంటె తాత, నములుతున్నది ఆపకుండా. "సరే, పోనీ. బుట్టలో ఏముంది?"

"మంచి సరుకే, తాతా."

"మూతి విప్పమ్మా. చుట్టూ చూడు, ఇక్కడ కట్టిన బుట్ట ఒక్కటైనా ఉందా? పై గుప్పెడు వచ్చిపోయేవాళ్లది, రుచి చూడటానికి. అది మా సంత మాట."

భూరీ కదల్లేదు. తీతువు మాటలు చెవుల్లో గింగురుమంటున్నాయి. విప్పితే ఊడ్చేస్తారు. ఊడ్చేస్తే ఉప్పు ఎలా? అది అలా నిలబడి ఉండగానే ఒక ముసలి మేక వచ్చి, తన మంద కోసం అంటూ చివరి ఉప్పురాయిని తనకని మాట్లాడుకుంది. పొగమంచు పలచబడుతోంది. ఎండ పొడిస్తే సంత లేస్తుంది, మైదానంలోకి మనుషుల పిల్లలు ఆటలకు వస్తారు.

భూరీ తల దించుకుని వెనక్కి తిరిగింది. దారిలో మళ్లీ కజరీ పొయ్యి దగ్గరకు వచ్చింది. అక్కడ కజరీ దూడ నిలబడి తల్లి మెడను నాకుతోంది. ఉప్పు కోసం కాదు, ఊరికే ముద్దుకు.

భూరీ ఆగిపోయింది. ఇప్పుడు మొదటిసారి తన కళ్లతో చూసింది. కజరీ ఒక ముంత దూడకు తాగించి, అదే కుండలోంచి తనూ తాగింది. అటువైపు కొంగ తెచ్చిన గింజల మీదినుంచి ఒక ఉడుత నాలుగు నోట్లో వేసుకుంది, బాగున్నాయంటూ ఇంకొకరిని పిలుచుకొచ్చింది. ఎవరూ ఊడ్చుకుపోవడం లేదు. రుచి చూసినవాళ్లే కొంటున్నారు.

తీతువు ఈ మైదానంలో ఒక్కసారైనా కాలు పెట్టలేదన్న సంగతి భూరీకి అప్పుడు గుర్తొచ్చింది.

అది పొయ్యి దగ్గరకు జరిగి, "పెద్దమ్మా, ఇందాక దాహం లేదని అబద్ధం చెప్పాను. ఒక గుక్క పోస్తావా?" అంది.

కజరీ నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. ముంత నింపి ఇచ్చింది. ఆ వేడి గొంతులోకి దిగుతుంటే లోపల గడ్డకట్టిన మాటలన్నీ కరిగాయి. వరద గురించి, మిట్ట గురించి, మెడ మీద తిరిగే చిన్న నాలుక గురించి భూరీ అంతా చెప్పింది. కజరీ వింటూనే తల ఎత్తి కొండముచ్చును పిలిచి సంగతి చెప్పింది. కొండముచ్చు గోడ దిగి వచ్చి, పళ్లతో కొరికి బుట్ట తీగ తెంపాడు. ఆకులు తీసేశాడు.

పుల్లటి వాసన ముక్కుకు కొట్టింది. తడి ఆకుల కింద, గాలి ఆడక, పైన ఉన్న పూలన్నీ మెత్తబడి పులిసిపోయాయి. భూరీకి తల కొట్టేసినంత పనైంది. ఎవరో ఎత్తుకుపోతారని దాచినదాన్ని తన దాపరికమే తినేసింది. ఒక్క క్షణం, పాడైనవాటిని అడుక్కి నెట్టేద్దామా అనిపించింది కూడా. నెట్టలేదు. మూతితో వాటిని పక్కకు తీసి, అందరికీ కనబడేలా పెట్టింది. అడుగునున్న సగం పూలు మాత్రం బంగారు రంగులో, పొడిగా, తియ్యని వాసనతో ఉన్నాయి.

"వీటిని నమ్మచ్చు. అవి మాత్రం పాడైపోయాయి" అంది.

కొండముచ్చు మంచిపూలు గుప్పెడు తీసి చుట్టూ ఉన్నవాళ్లకు పంచాడు. తర్వాత గోడెక్కి మళ్లీ కేకేశాడు.

"ఇందాక తప్పు చెప్పాను. వచ్చింది చుట్టం కాదు, తల్లి. ఇప్పపూలు తెచ్చింది, సగం పులిశాయి, సగం తేనెలా ఉన్నాయి. దూడ నీరసించి గడ్డి ముట్టడం లేదు. ఉప్పు కావాలి."

చివరి రాయి మాట్లాడుకున్న ముసలి మేక కుంటుకుంటూ వచ్చింది. ఒక ఇప్పపువ్వు నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"ఈ మాట పొద్దున్నే చెప్పి ఉంటే నేను ఆ రాయి ముట్టుకునేదాన్నా, పిచ్చి తల్లీ? మా మందకు సగం చాలు. పూలు మాత్రం నాకు నిండుగా పెట్టాలి" అంది.

ఒంటె తాత రాయిని కాలితో ఒక్క తాపు తన్ని రెండు చేశాడు. ఒక ముక్క భూరీ బుట్టలో పెట్టాడు. తరవాత గోనె దులిపి, అడుగున మిగిలిన ఉప్పు పొడినంతా ఆకులో చుట్టి దాని మీద పెట్టాడు.

"ఇదేంటి తాతా?"

"కొసరు" అన్నాడాయన. "మూతి విప్పినవాళ్లకే కొసరు వేయగలం. కట్టిన బుట్టలో ఎక్కడ వేసేది?"

మంచిపూలను ఒంటె, మేక పంచుకున్నారు. పులిసిన పూల వైపు కొండముచ్చు ఆశగా చూశాడు. కజరీ వాటిని తన కొమ్ము కిందికి లాక్కుంది. అవి తింటే మత్తెక్కి వీడు వచ్చే బుధవారం దాకా గోడ దిగడని, దిగినా తలకిందులుగా దిగుతాడని చెప్పింది. భూరీ కూడా నవ్వింది. ఇల్లు వదిలాక అదే మొదటి నవ్వు.

అడవికి చేరేసరికి బిట్టో ఎలుగుబంటి కడుపుకు ఆనుకుని పడుకుని ఉంది. భూరీ ఉప్పురాయిని దాని ముందు పెట్టింది. బిట్టో అలవాటుగా తల్లి మెడ వైపు మూతి చాచింది. భూరీ మెల్లగా ఆ మూతిని రాయి వైపు తిప్పింది. ఒకసారి నాకింది. ఆగింది. మళ్లీ నాకింది. ఇక వదల్లేదు. కొన్నాళ్లకు గడ్డి ముందు నిలబడటం మాని గడ్డి తినడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు నది గట్టు మీద పరుగు.

తీతువు వచ్చి, వాళ్లు ఎంత మోసం చేశారో చెప్పమంది. భూరీకి కోపం రాలేదు. నువ్వు భయపడి నా మంచికే చెప్పావు, వాళ్లు నన్నేమీ చేయలేదు, నీ భయాన్ని కూడా బుట్టతోపాటు మోయడమే నాకు బరువైందని చెప్పింది.

ఆ తర్వాత ఒక బుధవారం మటియాగంజ్ గోడ మీది కొండముచ్చుకు పొగమంచులోంచి ఒక మనుబోతు కనిపించింది. వీపు మీద మూతి విప్పిన బుట్ట ఉంది. పక్కన అల్లరి చేస్తూ ఒక దూడ ఉంది. బుట్ట అంచు మీద ముడుచుకుని ఒక తీతువు ఉంది.

"ఏం తెచ్చావు అక్కా? ఏం కావాలి?"

"ఇప్పపూలు తెచ్చాను. అడవి మొత్తానికి ఉప్పు కావాలి" అంది భూరీ. తర్వాత బుట్ట వైపు చూపించి, "దీనికి మాత్రం ముందు ఒక ముంత బెల్లం నీళ్లు కావాలి. చాలా దూరం అరుస్తూ వచ్చింది" అంది.

నీతి: కొత్త ఊరికి జాగ్రత్తను వెంట తీసుకెళ్లాలి, కాని ఎవరి భయాన్నో మోసుకెళ్లకూడదు; కళ్లతో చూసి, నోరు విప్పి అడిగినవారికే సాయం చేసే చేయి అందుతుంది.