వేగం చాలని బోర్డు

మద్దిలేటికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఎంత పాత మదర్‌బోర్డయినా సరే, చూడగానే అది మంచిదో చెత్తదో చెప్పేయగలనని వాడి నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు లెండి. వాడు పని నేర్చుకుంటున్నది కర్నూలు పాతబస్తీలో దాదాపీర్ ఉస్తాద్ దగ్గర. ఊళ్ళోకి కంప్యూటర్లు అడుగుపెట్టిన రోజుల నుంచీ వాటిని విప్పి బిగిస్తున్న మనిషి ఆయన. ఎందరికో పని నేర్పాడు. ఈమధ్య జనానికి పాత ఆటల పిచ్చి పట్టుకోవడంతో, ఆ కాలపు కంప్యూటర్లు కట్టించుకోవడానికి హైదరాబాదు నుంచి కూడా ఆయన్ని వెతుక్కుంటూ వస్తున్నారు.

ఉస్తాద్ ఒక బోర్డు పట్టుకున్నాడంటే పూటంతా తిప్పి తిప్పి చూస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. కంప్యూటర్ కావాలని వచ్చినవాళ్ళకు టీ తెప్పించి, మీ ఊరేది, మీ నాయన ఏం చేసేవాడు అని లోకాభిరామాయణం మొదలుపెడతాడు. మద్దిలేటికి ఇదంతా ఉత్త చాదస్తం. ఫోనులో బోర్డు నంబరు కొడితే దాని జాతకమంతా వచ్చి పడదూ! ఎంత వేగం, ఏ ప్రాసెసర్ పడుతుంది, ఎంత మెమరీ పడుతుంది, అన్నీ చిటికెలో తెలిసిపోతాయి.

"ఏ బోర్డు వాడాల్నో, ఏది తుక్కులో వేయాల్నో ఇంక నన్నే చెప్పనీయండి ఉస్తాద్" అని వాడు ఎన్నోసార్లు అడిగాడు.

"చెబుదువులే బేటా" అని ఉస్తాద్ నవ్వేవాడు. ఎప్పుడో మాత్రం చెప్పేవాడు కాదు.

ఒకసారి ఉస్తాద్ బంధువుల పెళ్ళికని ఆదోని వెళ్ళాడు. ఆయన బస్సెక్కాడో లేదో, సువర్ణ అని ఒకామె కొట్టుకు వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు కూడా తీయకుండా వచ్చేసింది.

"తమ్ముడూ, మా అన్నకు పాత కంప్యూటరొకటి కట్టియ్యాల. కారు తోలే ఆట ఉంటాది సూడు, వెనకటిది. అది ఆడుకునేది" అంది.

వాళ్ళన్న సుంకన్న ఆర్టీసీలో డ్రైవరు. ఏళ్ళ తరబడి శ్రీశైలం ఘాటులో బస్సు నడిపాడు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చేతికి పని చెప్పాలి, కదిలిస్తూ ఉంటేనే తిరిగి వస్తుందని డాక్టరు చెప్పాడు. నొక్కుకోమని రబ్బరు బంతి ఇస్తే సుంకన్న దాన్ని మూలకు విసిరేశాడు. బస్సు తోలిన చేత్తో బంతి పిసకాల్నా అని కోపం ఆయనకు.

"చిన్నప్పుడు కంప్యూటర్ నేర్చుకోను పోయి, నేర్చుకునేది మానేసి ఆ కారు ఆటే ఆడేటోడు. తిండి గూడా గుర్తుండేది కాదు. అది ముందర పెడితేనన్నా చెయ్యి కదిలిస్తాడేమోనని నా ఆశ తమ్ముడూ. లేకుంటే ఆ మనిషి మంచానికే అంటుకపోతాడు."

మద్దిలేటి విన్నాడు. విన్నాడంటే చెవులతో విన్నాడు. బుర్ర మాత్రం అప్పుడే బోర్డుల మీదికి పోయింది.

కొట్లో ఆ పనికి వచ్చే బోర్డులు రెండే ఉన్నాయి. ఒకటి పెంటియం త్రీ కాలానిది, నీటుగా మెరుస్తోంది. రెండోది అంతకన్నా పాతది, నాలుగు ఎనభై ఆరు అనే రకం. ఓ మూల బ్యాటరీ కారి ఆకుపచ్చగా పాచి పట్టింది. మద్దిలేటి నంబరు కొట్టి చూసి, "వేగం చాలదు, పో" అంటూ దాన్ని తుక్కు బుట్టలో పడేశాడు. మెరిసేదాన్ని డబ్బాలో బిగించాడు. ఆట ఎక్కించాడు. తెర మీద కారు బొమ్మ వచ్చింది, పాట మోగింది. ఇంకేం కావాలనుకుని ఆపేశాడు.

మర్నాడు మద్దిలేటి సుంకన్న ఇంట్లో ఆ కంప్యూటర్ పెట్టేసరికి పండగలాగే ఉంది. సుంకన్న గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళు గుమ్మంలో మూగారు. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి కీబోర్డు మీద పెట్టుకున్నాడు. ఎన్నాళ్ళకో మొహంలో నవ్వు కనబడిందని సువర్ణ మురిసిపోయింది.

ఆట మొదలైంది. కారు కదిలిందో లేదో, రివ్వున పోయి గోడకు కొట్టుకుంది. సుంకన్న మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే గోడ. ఇంకోసారి. వేలు కదపాలనుకునేలోగానే కారు బద్దలైపోతోంది. గుమ్మంలో ఎవరో, "పాపం, చెయ్యి రావట్లేదు" అన్నారు.

సుంకన్న కుడిచేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"తీస్కపో సువర్ణా. ఈ చేతికి ఇంక బండి రాదు" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, ఎవరు పిలిచినా పలకలేదు.

ఉస్తాద్ ఆదోని నుంచి వచ్చేటప్పటికి ఆ కంప్యూటర్ కొట్టుకు తిరిగొచ్చేసింది. మద్దిలేటి జరిగిందంతా చెప్పాడు. "బోర్డు బ్రహ్మాండంగా ఉంది ఉస్తాద్. నేనేం చేసేది? పాపం, ఆయన చెయ్యే పనిచేయట్లేదు."

ఉస్తాద్ పెళ్ళి సంచీ కింద పెట్టాడు. టీ తెప్పించుకుని, కంప్యూటర్ ముందు కుర్చీ లాగాడు.

"కూర్చో బేటా. నువ్వు ఆడు."

మద్దిలేటికి నవ్వొచ్చింది. వీధిలో ఆటల్లో వాడిని మించినవాడు లేడు మరి. చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. కారు కదిలింది, గోడకు కొట్టుకుంది. వాడు కుర్చీ ముందుకు జరిపాడు. మళ్ళీ కొట్టుకుంది.

"ఇంకోసారి" అన్నాడు ఉస్తాద్.

ఇంకోసారి ఆడాడు. ఆ తర్వాత ఉస్తాద్ చెప్పకుండానే ఆడాడు. నుదురంతా చెమట పట్టింది. ఆ కాలం ఆటలకు సొంత నడక లేదు. బోర్డు ఎంత తొందరపెడితే అంత తొందరగానూ పరిగెడతాయి. మెరిసే బోర్డు మీద ఆ కారు మనిషి కంటికే అందడం లేదు.

"దీన్ని ఎవడూ ఆడలేడు ఉస్తాద్!" మద్దిలేటి విసుక్కున్నాడు. "వేలు పెట్టేలోపలే గుద్దుకుంటాంది. చెయ్యి బాగున్నోడికే..."

ఉస్తాద్ టీ గుటక వేశాడు. "ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పినారు?"

మద్దిలేటికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న ఆ మనిషి కళ్ళముందు కదిలాడు. తన చెయ్యి ఇక పనికిరాదని తనే తీర్పు చెప్పుకుని పడుకున్నాడు ఆయన. ఆ తీర్పు రాసిచ్చింది మాత్రం మద్దిలేటి.

"ఇప్పుడే పోయి చెప్పొస్తా ఉస్తాద్."

"వట్టి చేతులతోనా?"

మద్దిలేటి తుక్కు బుట్టను నేల మీద బోర్లించాడు. పాచి పట్టిన బోర్డు అడుగున దొరికింది. వాడికి ఆత్రం ఆగలేదు. బతికుందో చచ్చిందో తేల్చుకుందామని, తెచ్చింది తెచ్చినట్టే బల్ల మీద పెట్టి కరెంటు పెట్టబోయాడు. ఉస్తాద్ గోడకున్న ప్లగ్గు పీకి, ఆ తీగ చుట్టచుట్టి లాల్చీ జేబులో పెట్టుకున్నాడు. బదులుగా ఒక పాత టూత్‌బ్రష్షు, గిన్నెలో కాస్త వెనిగరు వాడి ముందు పెట్టి నమాజుకు వెళ్ళిపోయాడు.

ఇంక చేసేదేముంది, మద్దిలేటి తోమడం మొదలుపెట్టాడు. పాచి మీద వెనిగరు పడగానే బుసబుసమని పొంగింది. తుడిచి, ఆరబెట్టి, ఎండలో పట్టుకుని చూశాడు. అప్పుడుగానీ కనబడలేదు, కీబోర్డు తగిలించే చోట కరెంటు పారే వెంట్రుకంత రాగి దారిని పాచి తినేసి ఉంది. తొందరపడి కరెంటు ఇచ్చుంటే తెర వెలిగేదే, కానీ ఏ మీట నొక్కినా పలికేది కాదు. అప్పుడు తను ఏమనేవాడో వాడికి బాగా తెలుసు. వేగం చాలదు, పైగా చచ్చింది అని మళ్ళీ బుట్టలోనే వేసేవాడు.

ఉస్తాద్ తిరిగొచ్చేసరికి ఆ తెగిన దారి మీద సన్నతీగ అతికించి, ఊపిరి బిగబట్టి కూర్చుని ఉన్నాడు.

"ఏమంటాంది నీ బోర్డు?" అన్నాడు ఉస్తాద్.

"ఇంకా అడగలేదు ఉస్తాద్. చూస్తాండా" అన్నాడు మద్దిలేటి.

ఉస్తాద్ జేబులోంచి తీగ తీసిచ్చాడు. ఆ రకం బోర్డుకు కరెంటు తీగల ప్లగ్గులు రెండు పక్కపక్కన గుచ్చాలి. రెండింటి నల్ల తీగలూ మధ్యలోకి వచ్చేలా పెట్టాలి, తిరగేస్తే బోర్డు మాడిపోతుంది. మద్దిలేటి ఒకటికి రెండుసార్లు చూసుకుని పెట్టాడు. ఫ్యాను తిరిగింది. కుయ్యిమని ఒక్క కూత వినబడింది. బతికే ఉంది! వాడు బల్ల చుట్టూ ఒక గెంతు గెంతాడు.

అయితే ఆట పెట్టి చూస్తే సంబరం సగమయింది. కారు ఇంతకుముందులా మాయమైపోవడం లేదు గానీ, ఇంకా జోరుగానే ఉంది. మద్దిలేటి చేతికి అందుతోంది. పక్షవాతం వచ్చిన చేతికి అందదు.

"ఇది కూడా చాలదు ఉస్తాద్" అన్నాడు నీరసంగా. ఇప్పుడు వాడు అంటున్నది నిదానం చాలదని.

ఉస్తాద్ అటక మీది నుంచి ఒక పాత కంప్యూటర్ ఇనప డబ్బా దింపించాడు. దాని ముందువైపు వేగం చూపే రెండంకెలు వెలిగే చిన్న అద్దం, అద్దం కింద వెడల్పాటి బటన్ ఉన్నాయి. బటన్ మీద టర్బో అని రాసుంది. దాని తీగను బోర్డు అంచున ఖాళీగా నిలబడి ఉన్న రెండు పిన్నులకు తగిలించి, బటన్ నొక్కాడు. అద్దంలో అరవై ఆరు పోయి ముప్పై మూడు వచ్చింది. తెర మీద కారు నింపాదిగా మలుపు తిరిగింది.

మద్దిలేటి నోరు తెరిచాడు. "టర్బో అంటే వేగం పెంచేది గదా?"

"ఆ పేరు పెట్టి అమ్మినారు. మేము నిదానం చేసుకునేందుకే వాడుకున్యాం" అన్నాడు ఉస్తాద్.

ఆ సాయంత్రమే ఇద్దరూ సుంకన్న ఇంటికి వెళ్ళారు. ఆయన గోడ వైపు నుంచి తిరగలేదు. మద్దిలేటి మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"అన్నా, ఆరోజు తప్పు మీ చేతిది కాదు, నేను తెచ్చిన బోర్డుది. నేనూ ఆడి చూసినా. నా వల్ల గూడా కాలే."

"నువ్వు గూడా గుద్దినావా?" మంచం మీది నుంచి గొంతు వచ్చింది.

"శానాసార్లు గుద్దినా అన్నా."

"ఎట్ల గుద్దినావు?"

"నేరుగా పోయి గోడకే."

సుంకన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని సువర్ణ హడలిపోయింది. ఆయన నవ్వుతున్నాడు. "లైసెన్సు ఎవడిచ్చినాడ్రా నీకు!" అంటూ ఇటు తిరిగి లేచి కూర్చున్నాడు.

ఆ పూట కారు నెమ్మదిగా కదిలింది. మొదటి మలుపు దగ్గర సుంకన్న కుర్చీలో ఒళ్ళంతా ఒక పక్కకు వాల్చాడు, ఘాటులో బస్సు తిప్పినట్టే. రెండో మలుపు దగ్గర గుద్దేశాడు. తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. వీళ్ళిద్దరూ వచ్చేస్తుంటే చూడనైనా లేదు.

దసరా దాటింది. ఒకరోజు సువర్ణ ఫోను చేసింది. "తమ్ముడూ, అన్న మిమ్మల్నిద్దర్నీ తొందరగా రమ్మంటాండు. ఏమైందో చెప్పడంల్యా."

మద్దిలేటి బోర్డు పోయిందనుకున్నాడు. స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఉస్తాద్ చేతులు ఊపుకుంటూ వెనక వచ్చాడు.

కంప్యూటర్ శుభ్రంగా నడుస్తోంది. దాని ముందు సుంకన్న చిరాగ్గా కూర్చుని ఉన్నాడు.

"ఏంది అబ్బోడా ఇది, ఎద్దులబండి మాదిరి పోతాంది. పాసింజర్లు దిగి నడిచి పోతామంటారు."

"ఓస్, అంతేనా!" మద్దిలేటి తేలికగా ఊపిరి పీల్చుకుని బటన్ మీదికి చెయ్యి చాపాడు.

వాడి మణికట్టును ఉస్తాద్ పట్టుకున్నాడు.

"ఆగు బేటా. బండి ఆయనది."

సుంకన్న ఒళ్ళోంచి కుడిచెయ్యి లేచింది. ఎడమచెయ్యి సాయం రాలేదు. సగం దూరం పోయి వణికి కింద పడింది. సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెయ్యి మళ్ళీ లేచింది. అంత చిన్న దూరానికి ఎంతసేపు పట్టిందో ఎవరూ చూసుకోలేదు, ఎవరూ కదల్లేదు. వేలు బటన్‌ను తాకి, జారి, మళ్ళీ తాకింది. టిక్కుమంది.

అద్దంలో అంకెలు మారాయి. కారు జోరందుకుంది.

మద్దిలేటి చెయ్యి ఇంకా ఉస్తాద్ చేతిలోనే ఉంది. విడిపించుకోవాలని కూడా వాడికి తోచలేదు. బస్సు కదిలేటప్పుడు కండక్టరు అన్నట్టే అన్నాడు.

"రైట్... రైట్."