బూడిద గీతకు అవతల

సోమలింగాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆ రోజు జవాబు చెప్పేవాడు కాదు. ముందు అడిగినవాడి చేతులు చూసేవాడు. కొండ కింద ఆయన మఠానికి వచ్చేవాళ్ళంతా కొలిమినో ఉలినో నమ్ముకున్న పనివాళ్ళు కాబట్టి, నోరు దాచింది చేతుల్లో కనపడుతుందని ఆయన నమ్మకం. కాళాచారి పదేళ్ళుగా ఆయన శిష్యుడు. ఆ అలవాటు తెలిసి కూడా ఆ ఉదయం రెండు చేతులూ జోడించి మరీ అడిగాడు.

“అయ్యవారూ, తప్పు చేసినోడు పెద్దమనిషి మాదిరి తిరుగుతాంటే, వానికి శిక్ష పడేట్టు చూసినోనికి పాపం తగుల్తాదా?”

గురువు చేతులు చూశాడు. అరచేతుల నిండా పగుళ్ళు. వేళ్ళ సందులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

“ఏంది ఇది?”

“మట్టిపని గదా అయ్యవారూ.”

“మట్టి కలిపే చేతులు నున్నగుంటాయి నాయనా,” అన్నాడాయన. “రేపు మీ ఊళ్ళో గంట అచ్చు పగలగొడతారంట గదా. నేనూ వస్తా. నీ పక్కనే నిలబడతా,” అని లేచి ఆవుకు గడ్డి వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

కాళాచారి ప్రశ్న వెనక ఆరేళ్ళ కథ ఉంది. కంచరిమిట్ట నలభై గడపల కంచరుల ఊరు. గంటలూ దీపపు సెమ్మెలూ పోతపోసి బతుకుతారు. అంతకంటే శ్రద్ధగా ఒకరి నడతకు ఒకరు కాపలా కాస్తారు. పోత రోజున కొలిమి దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ కరిగిన కంచు ఉన్న మూసను ఎత్తే పట్టకారు మీద చెయ్యి వేసి, “నాలో మైల లేదు” అని ప్రమాణం చెయ్యాలి. మైల ఉన్నవాడు దగ్గర నిలబడితే కంచు ఒప్పుకోదని వాళ్ళ తాతల నాటి నమ్మకం. కంచుకు అంత తీరిక ఉందో లేదో గాని, ఆ ఊరి పెద్దలకు మాత్రం బోలెడంత తీరిక ఉండేది.

శివమ్మ కాళాచారికి మేనమామ కూతురు. పుట్టినప్పుడే అతనికని అనుకున్న పిల్ల. అతను రెండేళ్ళు పొరుగు జిల్లాలో పనికి పోయి, పెళ్ళికని తిరిగొచ్చేసరికి ఆమెకు అయిదో నెల. పెద్దలు నడివీధిలో నిలబెట్టి పేరు అడిగారు. చెప్పలేదు. పోనీ తల అయినా దించుకోలేదు, ఆ రెండోదే వాళ్ళకు ఎక్కువ మంట పుట్టించింది. వెలి వేశారు. పోత జరిగేటప్పుడల్లా కొలిమికి ఇరవై అడుగుల దూరాన బూడిదతో ఒక గీత పోసి, దానికి అవతల రాయి మీద అందరికీ కనపడేలా ఆమె కూర్చోవాలని కట్టడి చేశారు. ఆమె ఆరేళ్ళుగా బిడ్డను పక్కన పెట్టుకుని కూర్చుంటూనే ఉంది. నేల చూపులు చూడమని చెబితే కొలిమి కేసి చూసేది.

ఆ మగవాడెవరో కాళాచారికి మూడేళ్ళ కిందట తెలిసింది. ఒక పోతనాడు ప్రమాణం చేస్తున్న భద్రాచారి చెయ్యి పట్టకారు మీద వణికింది. అదే క్షణాన గీతకు అవతల శివమ్మ మొహం తిప్పుకుంది. రెండూ చూసినవాడు కాళాచారి ఒక్కడే. భద్రాచారి ఊరికి పెద్ద పోతగాడు. ఉపవాసాల్లోనూ పూజల్లోనూ అతని తర్వాతే ఎవరైనా. ఆ రోజే పదిమందిలో చొక్కా పట్టుకుని నిలదీసి ఉంటే సరిపోయేది. కాళాచారి ఆ పని చెయ్యలేదు. స్నేహం చేశాడు. ఊరి కామాక్షమ్మ గుడికి పెద్ద గంట పొయ్యాలని నిర్ణయమయ్యాక, అచ్చు లోపలి పూతమట్టి కలిపే ముగ్గురిలో తానూ ఒకడై చేరాడు. చేరి, అందరి కళ్ళూ కప్పి ఆ మట్టిలో రెండు పిడికిళ్ళ ఉప్పు కలిపాడు.

ఉప్పు సంగతి అతనికి శివమ్మ తండ్రి నేర్పినదే. చిన్నతనంలో శివమ్మా తనూ పచ్చి మామిడికాయలు ఉప్పద్దుకుని తింటూ ఆయన మట్టిలో ఆడుకుంటే, ఆ మట్టితో కట్టిన అచ్చులోంచి సెమ్మె ఒళ్ళంతా బొక్కలతో దిగింది. ఆయన కొట్టలేదు. పగిలిన అచ్చుపెంకు ఇద్దరి నాలుకల మీదా పెట్టి, “ఉప్పు తేమను పట్టుకోని వదల్దు. తేమ తగిలితే పోత చచ్చినట్టే. గుర్తు పెట్టుకోండి,” అన్నాడు. ఆయన పోయాక ఆ విద్య తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. ఒకరు గీతకు ఇవతల, ఒకరు అవతల.

మూడుసార్లు గంట పోశారు. మూడుసార్లూ తొర్రలు పడి, కొడితే పగిలిన కుండలా మోగింది. తన అబద్ధపు ప్రమాణమే గంటను చంపుతోందని భద్రాచారి గట్టిగా నమ్మాడు. తిండి మానేశాడు, చిక్కి సగమయ్యాడు. కాళాచారి రోజూ గంజి తీసుకుపోయి, పక్కన కూర్చుని, “మనసులో ఏమన్నా ఉంటే చెప్పు భద్రన్నా” అని ప్రేమగా అడిగేవాడు. అవతలి మనిషి పెదవులు కదిలి ఆగిపోవడం చూసి వచ్చిన రోజున అతనికి అన్నం రుచిగా ఉండేది.

పెద్దలు మాత్రం వేరే లెక్కలో ఉన్నారు. గంట చెడినప్పుడల్లా గీతనూ రాయినీ వెనక్కి జరిపారు. ఇరవై అడుగులు నలభై అయింది, నలభై వీధి చివర అయింది. నాలుగో గంట కూడా చెడితే తల్లీబిడ్డా ఊరు వదిలి పోవాలని తీర్పు చెప్పారు. కాళాచారి ఇది అనుకోలేదు. అలాగని ఉప్పు మానలేదు. ఊరే వదలాల్సి వస్తుందంటే శివమ్మ నోరు విప్పుతుందని ఆశపడ్డాడు. ఆ పేరు ఆమె నోటితోనే వినాలి, ఆరేళ్ళుగా అతనికి కావలసింది అదే. అయినా ఎక్కడో నలుపుతుంటే ఆగలేక గురువు దగ్గరికి పోయి అడిగాడు.

మరునాడు పొద్దెక్కాక అచ్చు పగలగొట్టారు. గురువు అన్నమాట ప్రకారం కాళాచారి పక్కనే నిలబడ్డాడు. పెంకులు రాలేకొద్దీ గంట బయటపడింది. నడుమంతా మశూచి మచ్చల్లా గుంటలు. భద్రాచారి పట్టకారు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కులపెద్ద మౌనాచారి శివమ్మను గీత దాకా పిలిపించి, వీధి చివరికి వినపడేలా కేక పెట్టాడు.

“చూస్తివా, నాలుగోది. బిడ్డను తీసుకోని పొద్దు గూకేలోపల పో. లేదంటే ఆ పేరు చెప్పు. వాడూ నీతో పాటు పోతాడు, నువ్వొక్కదానివే పోయే పని లేదు.”

ఆ పేరు వినడానికి కాళాచారి ఒక అడుగు ముందుకేశాడు.

“పోయేముందు గంటను చూసి పోతా,” అంది శివమ్మ.

“గీత దాటబాక.”

“ఆరేండ్లు దాటకుండా కూచుంటి. గంటలు బాగుపడినాయా పెదనాయనా?”

అని దాటింది. ఆడవాళ్ళు పమిటలు దగ్గరికి లాక్కుని పక్కకు తప్పుకున్నారు. ఆమె వీధి పొడుగునా నడిచి వచ్చి గంట ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గుంటల మీద బొటనవేలు పెట్టి చూసింది. తర్వాత లోపలి పూత ఉన్న పెంకు ఒకటి ఏరి నాలుకకు ఆనించింది. ఆనించి, మెల్లగా తలెత్తి కాళాచారిని చూసింది. చిన్నప్పుడు మామిడికాయ చెరిసగం చేసుకునేటప్పటి చూపు అది. కోపంగా చూసి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

“ఉప్పు,” అంది.

పెంకు మౌనాచారి చేతికిచ్చింది. ఆయన నాకి పక్కాయనకు ఇచ్చాడు. నలుగురు కులపెద్దలు వరసగా నిలబడి మట్టి నాకడం కంచరిమిట్ట అంతకు ముందెన్నడూ ఎరగదు. మొదటిసారి వాళ్ళు నాలుకను సరైన పనికి వాడారు.

“ఈ ముగ్గుర్లో ఎవురు కలిపినార్రా?” అన్నాడు మౌనాచారి. పూతమట్టి కలిపిన మిగిలిన ఇద్దరూ మాకు తెలియదని దండాలు పెట్టారు. కాళాచారి పగుళ్ళ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పెద్దాయన శివమ్మ వైపు తిరిగాడు. “నీకు తెలుసు. నీ చూపులోనే ఉండాది. చెప్పు, వెలి ఈ పొద్దే ఎత్తేస్తాం.”

శివమ్మ లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది.

“ఆరేండ్ల కింద ఒక పేరు అడిగితిరి. ఈ పొద్దు ఇంకోటి అడుగుతాండారు. పేర్లు చెప్పి లోపలికొచ్చేదాన్నయితే నేను అప్పుడే వచ్చుందును. నాకు మీ లెక్కలొద్దు పెదనాయనా. అయిదో గంటకు పూతమట్టి నేను కలుపుతా. అది పలికినాక, ఈ బూడిద ఎవురు పోసినారో వాళ్ళే చీపురు తెచ్చి ఊడుస్తారు.”

ఎవరూ కాదనలేదు. కాదంటే ఆ మట్టి ఎవరు కలపాలో వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఆమె జల్లెడ ఎక్కడుందని అడిగి, తనే వెతికి తీసుకుంది.

అప్పుడు భద్రాచారి పట్టకారు నేల మీద పెట్టాడు. వీధి పొడుగునా నడిచి పోయి, గీత దాటి, శివమ్మ కూర్చునే రాయి దగ్గర ఆగాడు. రాయి మీద ఆమె కూతురు ఒక్కతే కూర్చుని ఉంది. ఆ పిల్ల అతన్ని ఎగాదిగా చూసి, కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. అతను కూర్చున్నాడు. ఊరంతా చూసింది. వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్న ఆ మొహంలో మూడేళ్ళుగా లేని రక్తం ఉంది. శివమ్మ వెనక్కి తిరగలేదు, మట్టి జల్లిస్తూనే ఉంది.

ఆరేళ్ళుగా కాళాచారి కోరుకున్నది కళ్ళెదుటే జరిగింది. శత్రువు రాయి మీద కూర్చున్నాడు. కాని ఒక్కరూ తన కేసి చూడడం లేదు, ఒక్కరూ తన పేరు ఎత్తడం లేదు. మళ్ళీ పోతనాటికి పట్టకారు మీద చెయ్యి వేసి మైల లేదని అబద్ధపు ప్రమాణం చెయ్యవలసింది ఇక తనొక్కడే. అతను గురువు కేసి తిరిగాడు.

“అయ్యవారూ, నేనడిగిన దానికి జవాబు…”

గురువు వంగి ఒక పెంకు తీసి, పగుళ్ళు పడిన ఆ అరచేతిలో పెట్టాడు.

“నాలుగుసార్లు కలిపినావు గదా నాయనా,” అన్నాడు. “ఒకసారన్నా రుచి చూసినావా?”