గడ్డిబొమ్మలు చూపిన దారి

ఇంతకుముందు నేనేదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నాకు బాలింతలు తినే కాయం మందు చేయడం నేర్పింది సన్యాసమ్మ గారు. ఏదడిగినా ఆవిడ సూటిగా చెప్పరు, ఏదో ఒక సంగతి చెబుతారు. ఒక రోజు ఏడుస్తూ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నెట్‌లో వెతికితే నా కాయం అమ్మే సైటు అన్నిటికన్నా పైన వచ్చేది. ఇప్పుడు నా పేరు కొట్టినా రావడం లేదు. సైటు చేసిపెట్టినాయన తొందరగా పైకి తెస్తానని, ఎక్కడెక్కడి సైట్లలోనో "నీలవేణి కాయమే మేలు" అని రాయించి నా సైటుకి లింకులు పెట్టించాడు. నేనూ సరేనన్నాను. ఇల్లు గడిచేది ఆ కాయంతోనే.

"మందు మంచిదే కదమ్మా! మరి నెట్‌లోంచి నన్నెందుకు తీసేశారు?"

"ఏటే, ఆ కన్నీళ్ళు శొంఠిలో పడనీకు," అని ఆవిడ దంచుతూనే మొదలుపెట్టారు.

"మా అమ్మమ్మ వాళ్ళ కొండమీద గవరయ్యకి మందుల కొట్టుండేది. కొత్తవాళ్ళకి దారి చూపే ముసలాయన మలుపు మలుపులో ఆగి, మంచి మందు ఎక్కడని అడిగేవాడు. ఎక్కువమంది ఎటు చెయ్యి చూపిస్తే అటు తీసుకెళ్ళేవాడు. అది కనిపెట్టి గవరయ్య మలుపులన్నిటా గడ్డిబొమ్మలు నిలబెట్టాడు. చొక్కాలు తొడిగి, తలగుడ్డలు చుట్టి, చేతులన్నీ తన కొట్టువైపే. పొగమంచులో మనిషెవరో బొమ్మేదో తెలిసేది కాదు. కొట్టు కిటకిటలాడింది."

"తరవాత?"

"ఒకనాడు ముసలాయన ఒక చెయ్యి పట్టుకున్నాడు. గడ్డి ఊడొచ్చింది. ఆనాటి నుంచి ఆ కొట్టువైపు ఎవర్నీ తీసుకెళ్ళలేదు. ఆ మందుతో బతికినవాళ్ళు నిజంగా చెయ్యి చూపినా ముసలాయన ఆగలేదు. చివరికి గవరయ్యే మలుపులో నిలబడి, 'అయ్యా, నేను మనిషిని! గవరయ్యని!' అని అరిచాడు. ముసలాయన వెనక వచ్చేవాళ్ళతో, 'ఇక్కడింకో బొమ్మ ఉంది, చూసి నడవండి' అన్నాడు. గవరయ్య తన చెయ్యి తనే తడుముకున్నాడు. ఏం తగిలిందో ఎవరికీ చెప్పలేదు."

"ఆయనేమయ్యాడమ్మా?"

"ఓలమ్మీ, ఆయన సంగతి నీకెందుకు? నీ బొమ్మలింకా నిలబడే ఉన్నాయి కదా."

మర్నాడు పొద్దున్నే నా లింకులున్న సైట్లు ఒక్కొక్కటే తెరిచి, నా పేరు తీసేయండని రాయడం మొదలుపెట్టాను. ఎక్కడి నుంచీ జవాబు రాలేదు. అటువైపు మనిషంటూ ఉన్నారో లేదో తెలియలేదు. ఇంకో సైటు తెరిచాను.