ఉద్దండయ్య పట్టిన నాడి

ఈ కథ అబద్ధమనే మొనగాడుంటే ఇప్పుడే లేచి నిలబడమనండి. ఎవరూ లేవరు కదా. అయితే నోరు మూసుకొని వినండి.

ఓబుళరాజు కొలువుకు ఉద్దండయ్య అనే పిడిగుద్దుల గురువు దిగబడ్డాడు. కాగిన ఇసుకలో వేళ్ళు దోపి దోపి, గులకరాళ్ళ మూటను గుద్ది గుద్ది మెటికలు కాయలు కాయించుకున్నాడు. ఆయన ముక్కు గోక్కుంటే నిప్పురవ్వలు రాలేవి, భటులు వాటితో చుట్టలు ముట్టించుకునేవారు. ఇంతా చేసి ఆ పిడికిలి గెలిచిన యుద్ధం ఒక్కటీ లేదు. కొబ్బరికాయలు మాత్రం ఆయన్ని చూస్తే వణికేవి.

ఆయన గుద్దుకు కొబ్బరికాయలు పగలడం చూసి రాజుగారు మురిసిపోయారు.

"రేపటి నుంచి కొలువంతా చేతులు గట్టిపరుచుకోవాలి. వైద్యుడితో సహా."

ముసలి వైద్యుడు అవధాన్లుగారు తన వేళ్ళకేసి చూసుకొని బిక్కచచ్చిపోయారు. ఊరందరి నాడీ చూసేవి ఆ వేళ్ళే. అవి మొద్దుబారితే రోగుల గతేమిటి? రాజుగారి తమలపాకుల పెట్టె మోసే తిప్పన్న అది గమనించాడు. కిందటేడు విషజ్వరంలో అతని ప్రాణం నిలబెట్టింది ఆయనే మరి.

"గురువుగారూ, ఇలా కాయలు కాసిన వేళ్ళకు నాడి తెలుస్తుందాండీ?"

"పోయేది నొప్పి ఒక్కటేరా ఆకులోడా. స్పర్శ రెట్టింపవుతుంది. చీమ నాడి కూడా చెబుతా."

"చీమ దాకా ఎందుకండీ. రాణిగారికి పొద్దుటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉందట. కాస్త చూసి చెప్పండి."

"బాగుంది," అన్నారు రాజుగారు. "చెప్పలేకపోతే నా ఉత్తర్వు రద్దు."

రాణిగారికి మనవి చేసి వస్తానని తిప్పన్న అంతఃపురంలోకి వెళ్ళొచ్చాడు. కాసేపటికి సభలో తెర కట్టారు. ఆచారం ప్రకారం పట్టుగుడ్డ చుట్టిన చెయ్యి ఒక్కటే, గాజులతో సహా, తెర సందులోంచి బయటికొచ్చింది.

ఉద్దండయ్య దాన్ని పట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. మీసం మెలేశాడు. తల పంకించాడు.

"ఆహా, నాడి గుర్రంలా దౌడు తీస్తోంది. కాస్త పైత్యం. జ్వరం దిగిపోయింది. సాయంత్రానికి లేచి తిరుగుతారు."

పైన మేడ మీది కిటికీలోంచి రాణిగారి నవ్వు వినిపించింది. సభంతా తలలెత్తి చూసింది. ఈలోగా తిప్పన్న పట్టుగుడ్డ లాగేశాడు. గురువుగారి గుప్పిట్లో ఉన్నది వడ్లు దంచే రోకలి.

తిప్పన్న చేతులు కట్టుకొని అన్నాడు:

"మహారాజా, రోకలికి జ్వరం దిగిందట. పథ్యం ఏం పెట్టించమంటారు?"

రాజుగారు నవ్విన నవ్వుకు కోటలో పావురాలు లేచి పొరుగు రాజ్యంలో వాలాయి. ఉద్దండయ్య సిగ్గుతో నెత్తి బాదుకున్నాడు. చేతికి తెలియలేదు గానీ తలకు బాగానే తెలిసింది. ఉత్తర్వు అక్కడికక్కడే రద్దయింది, రాజుగారి బంగారు కడియం తిప్పన్న చేతికెక్కింది.

నమ్మకం కుదరకపోతే వెళ్ళి అడగండి. తెర వెనక ఆ రోకలి పట్టుకొని కూర్చున్నది దంపుళ్ళ చెల్లమ్మ.